ఇసుక తిన్నె మీద హౌస్‌కీపింగ్

స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం చేసినవాడికి ఒక రోగం అంటుకుంటుంది. షిఫ్ట్‌లోకి అడుగుపెట్టగానే ముందు చీపురు పట్టాలి. నేల మీద బోల్టు కనబడకూడదు, నూనె మరక కనబడకూడదు. దాన్ని హౌస్‌కీపింగ్ అంటారు. పదేళ్ళు చేస్తే అది ఒంట్లోకి దిగిపోతుంది. ఇంట్లోకి మాత్రం దిగదు. మా ఆవిడ పెందుర్తి పిల్ల. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ఊడుస్తుంటే నేను పేపరు చదువుతూ కాళ్ళు పైకెత్తేవాణ్ణి. అదే నా సాయం.

తొంభైల చివర్లో ఆ రోగాన్ని ఒక ఏటి ఒడ్డుకి మోసుకెళ్ళాను.

మా క్వార్టర్స్ దగ్గర రిటైరైన జువాలజీ మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆదివారాలు మమ్మల్ని కొండలమ్మట తిప్పేవారు. ఆయనకి ఒకటే దిగులు. ఒరిస్సా సరిహద్దు అడవిలో ఒక ఏరుంది, అందులో నీటికుక్కలున్నాయి. చేపలు తిని బతుకుతాయి, మనిషి అలికిడైతే మాయమైపోతాయి. అక్కడ కొందరు చేపల కోసం నీళ్ళలో నాటు బాంబులు పేలుస్తున్నారు. మాస్టారు మూడేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. చివరికి ఒక అధికారి, అవి ఉన్నట్టు సోమవారంలోగా రుజువు తెస్తే కాపలా వేయిస్తాను, లేదంటే ఫైలు మూసేస్తాను అన్నాడట. రుజువంటే పాదముద్రలు. ఇసుకలో పడ్డ ముద్రలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయాలి.

శనివారం తెల్లారకుండానే ముగ్గురం బయల్దేరాం. మాస్టారు, నేను, ఫిషింగ్ హార్బర్లో బోటు నడిపే నా స్నేహితుడు. ఏటి ఒడ్డు చేరాక, మా ఊరి వన్ టౌన్‌లో కొన్న లారీ ట్యూబుల్లో గాలి కొట్టి, పైన వెదుళ్ళు కట్టి తెప్ప చేశాం. సముద్రంలో ఇరవై ఏళ్ళు తిరిగిన మావాడు ఏట్లో పది నిమిషాల్లో మూడుసార్లు రాళ్ళకి గుద్దాడు.

"సముద్రంలో దారి మన ఇష్టం బావా. ఇదేటి, రాళ్ళు ట్రాఫిక్ పోలీసుల్లాగ నిలబడిపోనాయి" అన్నాడు.

మధ్యాహ్నానికి ఓ మలుపులో ఇసుక తిన్నె తగిలింది. మాస్టారు తలదాకా తడిసిపోయారు, కళ్ళజోడులోంచి ఏమీ కనబడ్డం లేదు. ఇక్కడే మకాం, కాస్త చుట్టుపక్కల చూస్తూండు అని నాకు చెప్పి, పొడి గుడ్డ వెతుక్కుంటూ చెట్ల వెనక్కి వెళ్ళారు. మావాడు తెప్పకి తాడు కడుతున్నాడు.

నేను చూశాను. తిన్నె నిండా ఆకులు, పుల్లలు, చేప ముళ్ళు, పొలుసులు, గజిబిజిగా ఏవో గుంటలు. పాదముద్రంటే పిల్లల పుస్తకంలో బొమ్మలా విడిగా, అందంగా ఉంటుందనుకున్నాను. మకాం పెట్టే చోటు ఇలా ఉంటే ఎలా? ఆకులున్న ఎండుకొమ్మ ఒకటి తీసుకుని, పావుగంటలో నీళ్ళ అంచు నుంచి గట్టుదాకా ఊడ్చిపారేశాను. ముళ్ళూ పొలుసులూ పోగేసి ఏట్లో కలిపేశాను. మాస్టారు మెచ్చుకుంటారని కొమ్మ పట్టుకునే నిలబడ్డాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని వచ్చారు. ఇసుక వంక చూశారు, కొమ్మ వంక చూశారు, నా వంక చూశారు. ఇక్కడ చేప ముళ్ళేమైనా ఉన్నాయా అని నెమ్మదిగా అడిగారు. బోలెడున్నాయండి, శుభ్రం చేసేశానండి అన్నాను. గుంటల్లాంటివి? అవీ చదును చేసేశానండి.

మాస్టారు తిట్టలేదు. ఇసుకలో కూలబడి, "మూడేళ్ళు తిరిగానోయ్" అన్నారంతే.

సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా బాగుండేది. పొద్దుగూకేదాకా రెండు ఒడ్లూ గాలించాం. అన్నీ రాళ్ళే, అడుగు పడితే నిలిచే ఇసుక ఆ ఒక్క చోటే ఉంది. దాన్నే నేను శుభ్రం చేశాను. మావాడొక్కడే ధైర్యంగా ఉన్నాడు.

"రోజూ వొచ్చీవి ఇయ్యాల మానేత్తాయేటి మాస్టారూ? మనం ఈ ఇసక మీద కాలెట్టకుంటే సాలు" అన్నాడు.

తిన్నె వాటికి వదిలేసి మేం రాళ్ళ మీద పడుకున్నాం. వీపు కింద ప్రతి రాయీ మాస్టారి తరఫున నన్ను తిట్టింది.

తెల్లారేసరికి, నేను ఊడ్చిన ఇసుక మీద బారులు తీరి అడుగులు. ఐదేసి వేళ్ళు, వేళ్ళ మధ్య చర్మం, తోక ఈడ్చిన గీత, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. నిన్నటి గజిబిజిలో ఇంత మంచి అచ్చు వచ్చేది కాదని మాస్టారే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికి అరగంట పట్టింది. ప్లాస్టర్ ఆయనే కలిపి, ఒక్కో అడుగులో పోశారు. నన్ను మాత్రం ఇసుక మీదికి రానివ్వలేదు.

సోమవారం అచ్చులు అధికారి బల్ల మీదికెక్కాయి. కాపలా పడింది, బాంబులు ఆగాయి. తర్వాత నాలుగైదేళ్ళు ప్రతి చలికాలం వెళ్ళాం. సాయంత్రం తిన్నె ఊడ్చే పని నాదే, ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. రెండో ఏడు పెద్ద అడుగుల పక్కన బుల్లి బుల్లి అడుగులు కనబడ్డాయి. మాస్టారు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. ఆయనా అదే పనిలో ఉన్నారు.

ఆ సంతోషంలో ఆయన మా ఇంటికొచ్చి, మీ ఆయనంత బాగా ఊడ్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదమ్మా అని మా ఆవిడతో అనేశారు. ఆవిడ ఆయనకి కాఫీ ఇచ్చింది, గేటు దాకా సాగనంపింది. తిరిగొచ్చి నా ముందు చీపురు పెట్టింది.

"నీటికుక్కలకి ఊడిసినోరు, మడుసులకి ఊడవలేరేటి?" అంది.

ఆ ఆదివారం నుంచి హాలు నాదే. నేను ఊడుస్తున్నంతసేపూ ఆవిడ పేపరు చదువుతూ కాళ్ళు పైకెత్తుతుంది.