పడవలో చోటు లేదని ఎవరు చెప్పాలి?

వరద సహాయానికి వెళ్లే వాలంటీర్లకు భద్రతా శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. ఈ రోజు పెదపాడు దగ్గర ఓ చేపల చెరువులో మాక్ డ్రిల్ పెట్టాను. నేర్పిందల్లా ఒక్కటే. పడవలో ఎనిమిది మంది ఎక్కాక ఇంకెవరు ఏడ్చినా, కాళ్లు పట్టుకున్నా "చోటు లేదు, మళ్లీ వస్తాం" అని చెప్పి కదిలిపోవాలి.

పడవ నిండాక, ముసలావిడలా చెంగు కప్పుకుని నేనే గట్టు మీంచి చేతులు చాచాను. పడవ బాధ్యత సత్యవతి గారిది. ఆవిడ వెంటనే నా చెయ్యి అందుకున్నారు.

"రండి మామ్మగారూ, జాగ్రత్తండీ. ఏవండీ, మీరు కాస్త సర్దుకోండి."

పడవ తిరగబడింది. నడుము లోతు నీళ్లే కాబట్టి అందరం బురదతో బయటపడ్డాం. మనుషుల్ని మార్చి మళ్లీ మళ్లీ చేయించాను. ప్రతిసారీ అదే సర్దుబాటు, అదే బురద.

"పెద్దావిణ్ణి గట్టు మీద ఎలా వదిలేస్తామండీ?" అన్నారు సత్యవతి గారు, చీర పిండుకుంటూ.

అవతల కొల్లేరులో నీళ్లు పెరుగుతున్నాయి. ఈ వారమే పడవలు వీళ్ల చేతికివ్వాలి. నిజం వరద నడుము దగ్గర ఆగదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తిరుగుదారిలో ఏలూరు షేర్ ఆటో ఎక్కాను. ఊపిరాడనంత మంది ఉన్నాం. దారిలో ఓ ముసలావిడ వానలో చెయ్యెత్తింది. డ్రైవర్ నోరు తెరవకముందే "రండి మామ్మగారూ, సర్దుకుందాం" అని ఓ గొంతు వినిపించింది. నాదే.

రేపు మళ్లీ డ్రిల్. "చోటు లేదు" అనడం ఎలా నేర్పాలో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.