క్యాసెట్టుకి రెండు వైపులా అమ్మాజీ

మా చెల్లెలు అమ్మాజీ ఎక్కువ మాట్లాడే మనిషి కాదని మలికిపురంలో అందరూ అనుకునేవారు. పేరంటానికి వెళ్తే పసుపు రాయించుకుని, తాంబూలం తీసుకుని, నవ్వి వచ్చేసేది. దాని గొంతు ఎంతసేపు ఆగకుండా నడవగలదో తెలిసింది ఇద్దరికే. దాని మొగుడు సోమేశ్వరరావుకి, గోడ ఇవతలింట్లో ఉన్న నాకు.

పెళ్లయిన రెండో ఏడే బావగారు డ్రైవరుగా కువైట్ వెళ్లారు. తొంభై రెండో, మూడో. మొదటి సెలవుకి వచ్చినప్పుడు రేడియో, టేపురికార్డరు కలిసిన టూ ఇన్ వన్ ఒకటి తెచ్చి, వెళ్తూ వెళ్తూ అమ్మాజీకి రికార్డు చెయ్యడం నేర్పారు. ఉత్తరం రాయాలంటే అమ్మాజీకి చెయ్యి సాగేది కాదు. పీటమీద కూచుని ములగాకు దూస్తూ, టేపురికార్డరు ఎదురుగా పెట్టుకుని, "ఏవండీ..." అని మొదలుపెట్టిందంటే మాత్రం క్యాసెట్టు ఆ వైపు అయిపోయి బొత్తాం టప్పున పైకి లేచేదాకా ఆపేది కాదు.

"మీ అమ్మగారు నా ములక్కాడల పులుసుకి వంక పెట్టేరండి. ఉప్పు లేదంట, పులుపు లేదంట. ఇదిగో వినండి." గరిటెతో గిన్నె మీద కొట్టిన చప్పుడు. "విన్నారా? ఖాళీ గిన్నండి అది. ఉప్పూ పులుపూ లేకుండానే ఊడ్చేసేరు."

వెనకనుంచి వాళ్ల అత్తగారు, "అదేంటే, అక్కడ మగాళ్లందరూ వింటారే!" అని అరవడం కూడా అందులోనే పడేది.

ఊళ్లో ఎవరు కువైట్ వెళ్తుంటే వాళ్ల చేతికి ఆ క్యాసెట్టు ఇచ్చేది. ఆయన విని, దాని మీదే తన మాటలు రికార్డు చేసి, వచ్చేవాళ్లకి ఇచ్చి పంపేవారు. ఇది విని మళ్లీ దాని మీదే మాట్లాడేది. అలా ఒకటే క్యాసెట్టు ఏళ్ల తరబడి తిరిగింది. ఆయన మాట మీద ఇది, దీని మాట మీద ఆయన.

మా ఆవిడకి అది నచ్చేది కాదు. క్యాసెట్టు పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి కదా, అవి విరిచేస్తే మళ్లీ దాని మీద రికార్డు కాదు. "అవి విరిచేసి ఆయన మాటలు దాచుకోవే, అమ్మాజీ," అంది ఓసారి.

"బావుంది వదినా! విరిచేస్తే నేను దేంట్లో జవాబు చెప్పనూ?"

ఆ రోజుల్లో అమ్మాజీ ఊరికే నడిచేది కాదు, చూస్తూ నడిచేది. కొబ్బరి దింపుకి వచ్చినవాడు చెట్టు మీంచి పక్కింటి గుట్టు చెప్పినా, సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కబోయి గేదె మొరాయించినా, చేతిలో పని ఆపి నా వంక తిరిగి, "ఇది క్యాసెట్టులో చెప్పాలన్నయ్యా," అనేది. నెలంతా పోగుచేసి దాచుకునేది.

తర్వాత రాజోలులో నెట్ సెంటరు వచ్చింది. కంప్యూటర్లో మాట్లాడితే చవకట అని బావగారే కబురు చేశారు. శుక్రవారం ఆయనకి సెలవు. ఆ రోజు తలంటుకుని, మంచి చీర కట్టుకుని, నన్ను తోడు తీసుకుని వెళ్లింది. చెవులకి తగిలించుకున్న దాంట్లోంచి ఆయన మాట ఆలస్యంగా వచ్చేది. ఇది మాట్లాడబోతే అప్పుడే ఆయన మాట వచ్చి అడ్డం పడేది. ఇద్దరూ ఆగిపోయేవారు.

"మీరు చెప్పండి."

"కాదు, నువ్వు చెప్పు."

"అయ్యో, మీరే చెప్పండి."

నెట్ సెంటరాయన గడియారం చూసి, "అమ్మా, ఎవరో ఒకళ్లు చెప్పండమ్మా, టైమైపోతంది," అన్నాడు. బయటికొచ్చాక నవ్వుకున్నాం. బస్సులో మాత్రం అమ్మాజీ కిటికీ వైపు తిరిగి, "గేదె సంగతి చెప్పనేలేదు," అంది.

మరి కొన్నేళ్లకి సెల్‌ఫోను వచ్చింది. అత్తగారు పోయారు. పిల్లలు లేరు. ఇంట్లో ఇదొక్కతే. ఇది మిస్డ్ కాల్ ఇస్తే ఆయన చేసేవారు. రోజూ చేసేవారు. ఆయన లోపమేమీ లేదు, ఒక్క రోజు కూడా మానలేదు. గోడ ఇవతలికి వినబడేది.

"తిన్నానండి. మీరు తిన్నారా? ఆఁ. ఆఁ. ఏముందండి, మామూలే. ఉంటానండి."

అవతల ఆయన ఏమంటున్నారో వినకుండానే తెలిసేది. ఇంకేంటి? ఇంకేంటి?

"రోజూ మాట్లాడుతున్నావు కదే, అదృష్టవంతురాలివి," అన్నాను.

"ఆయ్," అంది. "ఫోను చెవి దగ్గర పెట్టుకోగానే బుర్రలో ఏమీ ఉండదన్నయ్యా. రేపు ఎలాగూ చేస్తారు కదా, రేపు చెబుదాంలే అనిపిస్తుంది. రేపటికి అది చెప్పేపాటి సంగతిలాగే ఉండదు," అంది.

తర్వాత గమనించాను. పని ఆపి నా వంక తిరగడం మానేసింది. వీధిలో ఎంత గొడవ జరిగినా తల ఎత్తేది కాదు.

రెండువేల ఎనిమిదిలో, వానలు మొదలయ్యేటప్పుడు, కడుపులో నొప్పి అంది. అమలాపురంలో చూసి కాకినాడ తీసుకెళ్లమన్నారు. అక్కడ డాక్టరు నన్ను పక్కకి పిలవబోతే, "నాకే చెప్పండి," అని కుర్చీలోంచి లేవలేదు. గడ్డ. అప్పటికే పాకింది.

తిరుగు బస్సులో, "ఇప్పుడే బావగారికి ఫోన్ చేద్దాం," అన్నాను.

"నేనే చెప్తానన్నయ్యా. నా నోటితో చెప్పనీ."

ఆ రాత్రి ఫోను వచ్చింది. మా ఆవిడా నేనూ దాని పక్కనే కూచున్నాం. "తిన్నానండి. మీరు తిన్నారా? ఏముందండి, మామూలే." ఫోను పెట్టేసి, లేచి పక్క పరుచుకుంది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే.

ఓ ఉదయం అటక మీంచి టూ ఇన్ వన్ దింపమంది. పాత క్యాసెట్టు అందులోనే ఉంది. పక్క వీధి వీర్రాజు ఆ వారమే కువైట్ వెళ్తున్నాడు. తలుపు వేసుకుంది. పొద్దెక్కేదాకా లోపల్నుంచి గొంతు వినిపిస్తూనే ఉంది. చాలా ఏళ్ల తర్వాత, ఆగకుండా.

వీర్రాజు దాన్ని తీసుకెళ్లి కువైట్లో ఇచ్చాడు. బావగారు ఫోన్ చేశారు. ఆయన గదిలో టేపురికార్డరు లేదు. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. ఆయన నడిపే కారులోనూ సీడీలే. "ఫోన్లోనే చెప్పేయకూడదా అమ్మాజీ? ఇంకా ఏ కాలంలో ఉన్నావే!" అని నవ్వారట.

"వినండి ముందు," అంది ఇది. "మీరు వినండి. అంతే."

శుక్రవారం సంతలో పాత సామాన్లమ్మే చోట వెతుకుతానన్నారు. ఆ శుక్రవారం దొరకలేదు. మరుసటి శుక్రవారం రాకముందే అమ్మాజీకి కళ్లు పచ్చబడి, మాట ముద్దయిపోయింది. అప్పుడు నేనే చేసి చెప్పాను. వెంటనే వచ్చేస్తానన్నారు. కానీ పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది, ఆయన ఊళ్లో లేడు.

ఆస్పత్రిలో ఫోను దాని చెవి దగ్గర నేనే పట్టుకున్నాను. బావగారి గొంతు నాకూ వినబడుతోంది. "అమ్మాజీ, తిన్నావా? మందులేసుకున్నావా? తిన్నావా?" అదే అడుగుతున్నారు. ఏడుస్తూ అదే అడుగుతున్నారు. ఇది నా వంక చూసింది. ఏం చెప్పమంటోందో నాకు తెలియలేదు. "ఆఁ, తిందండి," అన్నాను నేను.

అమ్మాజీ దహనమైన మూడోనాటికి బావగారు వచ్చారు. స్నానం చేసి, పెట్టె తెరిచి, బట్టల మధ్యనుంచి క్యాసెట్టు తీశారు. వినలేదింకా. దాని టూ ఇన్ వన్‌లోనే పెట్టాం.

"ఏవండీ... బావున్నారా? ముందు దింపు సంగతి చెప్తాను. ఈసారి కాయ చిన్నదండి. ఆ దింపువాడికి చెట్టు మీంచే పెళ్లి కుదిరింది, తెలుసా? పక్క దొడ్లో పిల్లని చూసేడంట. నేలమీదుండి చూస్తే ఎలా ఉంటుందో అని వాళ్లమ్మ బెంగ..."

బావగారు నవ్వారు. నవ్వి, నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు. ఒక వైపంతా అలాగే నడిచింది. గేదె సంగతి కూడా ఉంది. రెండో వైపు తిప్పాం.

"కడుపులో గడ్డంటండి. డాక్టరు నాకే చెప్పేరు. నాకు భయంగా ఉందండి. మీరు కంగారుపడి ఫోన్ చేసెయ్యకండేం. ఫోన్లో అయితే మీరు ఇంకేంటి అంటారు, నేను మామూలే అంటాను. నన్ను వచ్చెయ్యమంటావా అని అడిగితే, వద్దులెండి అనేస్తాను. అందుకని దీంట్లోనే జవాబు చెప్పండి. పాతరోజుల్లోలాగ. మీరొస్తారా మానతారా, అదీ దీంట్లోనే చెప్పండి. నింపాదిగా చెప్పండి. వింటాను."

తర్వాత ములగాకు దూస్తున్న చప్పుడు కాసేపు. బొత్తాం టప్పున లేచింది.

బావగారు క్యాసెట్టుని మొదటికి తిప్పారు. వేలు రికార్డు చేసే ఎర్రబొత్తాం మీద పెట్టారు. పెదవులు కదులుతున్నాయి. వేలు అలాగే ఉంది. నొక్కితే అమ్మాజీ గొంతు ఏమవుతుందో గదిలో అందరికీ తెలుసు.

"జవాబడిగింది బావగారూ," అన్నారు నాతో.

క్యాసెట్టు బయటికి తీశారు. మా ఆవిడ తలలోంచి పిన్ను తీసి ఇచ్చింది. పై అంచున ఉన్న పలుకులు ఒకటి, రెండోది విరిచి అరచేతిలో పోసుకున్నారు. మళ్లీ క్యాసెట్టు లోపల పెట్టి ఎర్రబొత్తాం నొక్కి చూశారు. దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కారు. దిగలేదు.