కొండలయ్యగారికి గడ్డి పెట్టిన కథ

ఎక్కడ ఏది పంచుతున్నా కొండలయ్యగారి నోట్లోంచి వచ్చే ప్రశ్న ఒకటే. "శివారుకు అందిందా?"

ఆయన ముప్పై ఆరేళ్లు కాలువ మీద లష్కరుగా పనిచేశారు. లష్కరంటే తూము తలుపులు ఎత్తి, దించి, ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసే మనిషి. కాలువ మొదట్లో ఉన్న రైతుకు నీళ్ల బెంగ ఉండదు. ఎండిపోతే చివర్న, శివారులో ఉన్నవాడి చేనే ఎండిపోతుంది. శివారు తడిసిందని కబురొచ్చేదాకా కొండలయ్యగారు క్యారేజీ మూత తీసేవారు కాదట. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆ ప్రశ్న మాత్రం రిటైర్ కాలేదు.

గన్నవరంలో ఒక పెళ్లికి వెళ్లారు. భోజనాల్లో గారెల బుట్ట మొదటి వరుసలో రెండోసారి తిరుగుతోంది. చివరి వరుసకు ఇంకా పప్పే రాలేదు. కొండలయ్యగారు ఎంగిలి చేత్తో లేచి నిలబడి, "ఒరేయ్, తలకాయ తూములు కట్టేయండ్రా! ముందు శివారుకు వదలండి!" అని కేకేశారు. మొదటి వరుసలో కూర్చున్నది మగపెళ్లివారు. వాళ్లు పావుగంట సేపు ఖాళీ విస్తరాకులు చూసుకుంటూ కూర్చున్నారు.

డాక్టరు బీపీ మాత్ర రాసిస్తే, "ఇది కాలివేళ్ల దాకా అందుద్దాండీ, గుండె దగ్గరే ఆగిపోద్దా?" అని అడిగారు. భార్య రత్తమ్మ తలకు నూనె రాసుకుంటుంటే పక్కనే నిలబడి, "జడ కొసకు అందిందా?" అంటారు. "ఈ మనిషితో నలభై ఏళ్లు కాపరం చేశానంటే సన్మానం నాకు చెయ్యాలి," అంటుంది రత్తమ్మ.

ఇలాంటి మనిషితో తలపడే ఖర్మ హేమసుందర్‌కు పట్టింది. ఆయన విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. పిల్లల్ని అదుపులో పెట్టగలడు కదా అని జలధార కాలనీ వాళ్లు ఆయన్ని అసోసియేషన్ సెక్రటరీని చేశారు. ఆ ఏడు ఎండాకాలం రాగానే జలధార కాలనీలో పేరు తప్ప ధార మిగల్లేదు. కాలువలు కట్టేశారు, బోర్లు గాలి కక్కుతున్నాయి. కొండలయ్యగారి పెరట్లో, కాలనీ పుట్టకముందు నుంచీ ఉన్న బావిలో మాత్రం నీళ్లున్నాయి.

ప్రెసిడెంటు రామకోటేశ్వరరావుగారు మీటింగు పెట్టి రెండు రూళ్లు చేశారు. ఒకటి: తోటలకు, గడ్డికి నీళ్లు పెట్టకూడదు. పెడితే మూడు నోటీసులు, ఆపైన మోటారుకు సీలు. రెండు: కాలనీ నీళ్లు గోడ దాటి చుక్క బయటికి పోకూడదు. పోతే నోటీసు కూడా లేదు, అప్పటికప్పుడు సీలు.

రూళ్లు వచ్చిన మూడో రోజున కొండలయ్యగారు పెరట్లో గోంగూర మళ్లు పీకేసి, నర్సరీ నుంచి చాపల్లా చుట్టిన గడ్డి తెచ్చి పరిచారు. రోజూ పొద్దున ఆరింటికి మోటారు వేస్తే ఎనిమిది దాకా ఆపరు.

మొదటి నోటీసు పట్టుకుని హేమసుందర్ వెళ్లారు.

"ఈ కరువులో గడ్డికి నీళ్లేంటి కొండలయ్యగారూ?"

"గడ్డిని తీసెయ్యకండి. మీరు తాగే కాఫీలో పాలు ఎక్కణ్ణుంచి వచ్చినయ్యి?"

"మీకు గేదె లేదు కదండీ!"

"రేపు కొంటానేమో! సరేగానీ, ఈ నోటీసు చివరింటి దాకా అందిందా, నాకొక్కడికేనా?"

రెండో నోటీసుకు గొంతు పెంచారు. "బావి నాది, మోటారు నాది. నా గడ్డి మీద మీ పెత్తనం ఏందండీ?"

"బావి మీదే. ఊట అందరిదీ కదండీ."

కొండలయ్యగారు ఆగి, ఆయన్ని ఎగాదిగా చూశారు. "మంచి మాటన్నారు. అది కాగితం మీద రాసి మీ ప్రెసిడెంటుగారి చేత సంతకం పెట్టించండి."

మూడో నోటీసు తీసుకుని, మొదటి రెండింటి పక్కన గోడకు అంటించి, వరుస తిన్నగా ఉందో లేదో చూసిపెట్టమని హేమసుందర్‌నే అడిగారు. హేమసుందర్‌కు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం పొద్దున సీలు, తీగ పట్టుకుని బయల్దేరారు. దారిలో ఆయన బుర్రలో ఫిజిక్స్ పని చేసింది. అంత లావు పైపు, రెండు గంటలు, రెండు మంచాలంత గడ్డి. లెక్క ప్రకారం అక్కడ చెరువుండాలి, అందులో చేపలుండాలి.

తీరా చూస్తే గడ్డి ఎండిపోయి పసుపుపచ్చగా ఉంది. మధ్యలో మాత్రం జానెడు వెడల్పున పచ్చటి చార ఒకటి, బావి దగ్గర మొదలై తిన్నగా ప్రహరీగోడ దాకా పోయింది. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది. అడుగున పైపుంది. దాని అతుకులు కారిన చోటే గడ్డి బతికింది.

హేమసుందర్ అక్కడున్న రుబ్బురోలు ఎక్కి గోడ అవతలికి చూశారు. అవతల ఇరుకు సందు, పది ఇళ్లు. మునిసిపాలిటీ పైపు ఆ సందుకొచ్చేసరికి ఈల వేసి ఊరుకుంటుంది. కొండలయ్యగారి గొట్టం సందంతా దాటి అన్నిటికంటే చివరింటి డ్రమ్ములో పడుతోంది. బిందెలతో నిలబడ్డవాళ్లలో తన ఇంట్లో పనిచేసే దానమ్మ ఉంది.

"అయ్యగారూ!" అని దానమ్మ బిందె దించేసింది. "వచ్చేత్తన్నానండీ, ఇంకొక్క బిందె!"

ఊళ్లో పనిమనుషులందరూ ట్యాంకర్ల కోసం నిలబడి నాగాలు పెడుతుంటే, దానమ్మ మాత్రం రోజూ ఏడున్నరకు అంట్ల ముందుకు ఎలా వస్తోందో హేమసుందర్‌కు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. రుబ్బురోలు దిగారు.

"ముందే ఈ మాట చెప్పొచ్చు కదండీ?"

"చెబితే రెండో రూలు. అప్పటికప్పుడు సీలు. గడ్డయితే మూడు నోటీసులు. మూడు నోటీసుల్లో యాభై రోజులు లాగాను. ఇంకో పన్నెండు రోజులకు కాలువలు వదుల్తారు. ముప్పై ఆరేళ్లు రూళ్ల మధ్య బతికినోణ్ణి, ఏ తప్పు చెయ్యాలో నాకు తెలవదాండీ?"

"ఎంత పుణ్యం..."

"పుణ్యం లేదు, పాడూ లేదు. డ్యూటీ! సీలేసుకోండి. రేపట్నుంచి చేదతో తోడి గోడ మీంచి పోస్తా. చేదకు సీలు ఎక్కడేస్తారో నేనూ చూస్తా!"

హేమసుందర్ తలెత్తి చూస్తే ప్రెసిడెంటుగారి మేడ కనపడింది. అక్కణ్ణుంచి ఈ పచ్చటి చార ఎవరికైనా కనబడుతుంది. ఆయన సీలు జేబులో వేసుకుని, ప్యాంటు మడిచి, మోకాళ్ల మీద కూర్చున్నారు. అంచుల్లో ఎండిపోయిన గడ్డి చాపలు పీకి చార పొడవునా పరుస్తూ పోయారు. కొండలయ్యగారు వెనకాలే నడుస్తూ, "శివారుకు అందలేదు, శివారుకు! ఆ గోడ దగ్గర ఇంకో ముక్క!" అని పురమాయించడం మొదలుపెట్టారు.

సాయంత్రం తన మేడలో జరిగిన మీటింగులో ప్రెసిడెంటుగారు అడిగారు. "సీలేశారా?"

"లేదండీ. గడ్డి పెట్టి వచ్చాను."

"గట్టిగా పెట్టారా?"

"రెండు చేతులతో పెట్టానండీ. గంట పట్టింది."

"అలా పెట్టాలి! ఇన్నాళ్లూ మీరు మెత్తగా ఉండబట్టే ఆయన అట్లా తయారయ్యాడు." ప్రెసిడెంటుగారు బాల్కనీలోకి వెళ్లి చూసి, మొహమంతా నవ్వుతో తిరిగొచ్చారు. "ఒక్క పచ్చ పరక లేదు! మరి పొద్దున ఆ మోటారు మోతేంటండీ?"

"ఇంటి అవసరాలకండీ. రత్తమ్మగారు రోజూ తలంటుకుంటారట."

"రెండు గంటలా?"

"జడ పొడవండీ. కొస దాకా అందాలి కదా."

ఎవరో నవ్వబోయారు. హేమసుందర్ క్లాసులో వెనక బెంచీని చూసినట్టు చూసేసరికి ఊరుకున్నారు. ఈ మాట మర్నాటికి రత్తమ్మ చెవిన పడింది. ఆవిడ వారం రోజులు హేమసుందర్‌తో మాట్లాడలేదు గానీ, గోంగూర పచ్చడి మాత్రం పంపింది.

మర్నాడు ఏడున్నరకు దానమ్మ వచ్చి అంట్ల ముందు కూర్చుంది. హేమసుందర్ పేపరు దించి, గొంతు సవరించుకుని, ఎవరూ వినడం లేదు కదా అని అటూ ఇటూ చూసి అడిగారు.

"శివారుకు అందినయ్యా?"

దానమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"అందినయ్యండీ. అయ్యో, మీకూ అంటుకుందా అండీ?"