పురికొస హద్దు

మా సోషల్ టీచరు గారు ఆదివారం పొద్దున పోయారు. ఎనభై దాటిన మనిషి. మంచాన పడి ఒకరి చేత చేయించుకోకుండా నిద్దట్లోనే వెళ్ళిపోయారు. నాకు కబురు చెప్పింది మా ఊరి ప్రెసిడెంటు గారి అమ్మాయి. నూజివీడులో ఆడపిల్లల హైస్కూల్లో నాతో కలిసి చదివింది. ఈ వయసులో కూడా నన్ను "ఒసే" అని పిలిచే హక్కు దానికొక్కదానికే ఉంది.

"ఒసే, టీచరు గారిని ప్రభువు పిలుచుకున్నాడంట. రేపు పదింటికి సమాధుల తోటలో. డ్యూటీ గీటీ అనకుండా వచ్చెయ్" అంది. అంతవరకూ బాగానే మాట్లాడి, నేను ఏదో అడగబోతుంటే ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపు వెంటనే రాలేదు. ముందు ఆవిడ నల్ల గొడుగు గుర్తొచ్చింది.

ఆ గొడుగును ఆవిడ వానలో కన్నా ఎండలో, ఎండలో కన్నా పాఠంలో ఎక్కువ వాడేవారు. దాని మొనతో నేల మీద గీత గీస్తే ఏరు, గుచ్చితే ఊరు. అల్లరి చేస్తే పిడి వైపు తిప్పి మెటికల మీద ఒకటి వేసేవారు. మార్కులు వేయడంలో మహా పిసినారి. ప్రార్థన పాట శ్రుతిలో ఉన్నా లేకపోయినా అందరికన్నా గట్టిగా పాడేవారు. ఇప్పుడంటే ముద్దుగా చెబుతున్నాను కానీ, ఆ రోజుల్లో ఆవిడ చెప్పుల చప్పుడు వింటే మాకు హడల్.

ఆవిడది దివిసీమ వైపు. కాలవ గట్టున పుట్టి పెరిగి, ఉద్యోగానికి మా మెట్టకు వచ్చారు. వచ్చిన కొత్తలో ఇక్కడ ఏమీ తోచేది కాదట. "మా వైపు నీళ్ళు గవర్నమెంటు చెప్పినట్టు పోతాయి. మీ వైపు నేల చెప్పినట్టు పోతాయి. నేల మాట వినడం నాకిక్కడే అలవాటైందే" అనేవారు. ఇలాంటి మాటలు ఆవిడకు అలవోకగా వచ్చేవి. మేం పరీక్షలో రాస్తే మాత్రం మార్కులు పడేవి కావు.

ఒకసారి మమ్మల్ని చింతలపూడి వైపు ఎర్ర బస్సులో తీసుకెళ్ళారు. అందరం కిటికీల కోసం కొట్టుకుంటుంటే, "కళ్ళు మూసుకోండే. చెవులతో చూడండి" అన్నారు. మేం ముసిముసిగా నవ్వుకుంటూనే కళ్ళు మూసుకున్నాం. కాసేపటికి బస్సు గుర్రుమని మూలిగింది. "డ్రైవరు గేరు మార్చాడు. ఎత్తు ఎక్కుతున్నాం" అన్నారు. ఇంకాస్త దూరం పోయాక ఇంజను తేలికపడింది. "ఇప్పుడు దిగుతున్నాం. ఇక్కడ చినుకు పడితే ఇటు పక్కది ఒక ఏరుకి, అటు పక్కది ఇంకో ఏరుకి." ఏ ఏటికి పోతే ఏం అని ఎవరో అడిగారు. "ఏమీ లేదు. ఎటు పోయినా చివరికి కొల్లేటికే" అన్నారు, ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు.

ఏటా మామిడి పూత వేళకు స్కూలు వెనక ఖాళీ స్థలంలో మట్టి పటం వేయించేవారు. తాలూకా అంతా నేల మీద పరుచుకునేది. ఏ ఊరి పిల్ల ఆ ఊరి మట్టి తేవాలి. కర్చీఫుల్లో, టిఫిను డబ్బా మూతల్లో తెచ్చేవాళ్ళం. రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు సెలవలకు వెళ్ళినప్పుడే గుర్తుపెట్టుకుని తెచ్చేవాళ్ళు. తోటల ఊళ్ళ ఎర్రమట్టి ఒకచోట, పల్లపు పొలాల నల్లమట్టి ఒకచోట, తమ్మిలేరు పారే ఊళ్ళ ఇసుక ఒకచోట. అన్నీ పోసి, ఎత్తు ఉన్నచోట గుట్టగా పెట్టి, చెరువులున్నచోట అరచేత్తో నొక్కితే, నిన్నటిదాకా పుస్తకంలో కూడా లేని మా ఊళ్ళు మా కాళ్ళ ముందు ఉండేవి. పంపు దగ్గర నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి మెల్లగా పోసేవారు. అందరం వంగి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసేవాళ్ళం.

మట్టితో పాటు ఒక సంగతి కూడా తేవాలి. మీ ఊళ్ళో మొదటి మామిడి తోట ఎవరు వేశారు, అంతకుముందు అక్కడ ఏముండేది, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రమ్మనేవారు. మా నాన్న ప్రెసిడెంటు గారి తోటలో కాపలా ఉండేవాడు. నేను మా నాయనమ్మనడిగాను. "తోట ప్రెసిడెంటు దొరగారు వేశారంటారు. ఆయన వేలు చూపించాడంతే. ఉలవచేను తీసేసి గుంటలు తీసింది మీ తాత. కావిడి మోసి మొక్కలకి నీళ్ళు పోసింది నేను. రెండు వేసవులు పోశా. భుజం ఇదిగో, ఇప్పటికీ వంకరే" అంది. అదే క్లాసులో చెబితే టీచరు గారు కుర్చీలోంచి లేచి, "ఇదీ చరిత్ర. కూర్చో" అన్నారు. నా పక్కన ఆ తోట యజమాని కూతురే కూర్చుని ఉంది. అది నా వైపు చూసి, బల్ల కింద నా చెయ్యి గిల్లి, "మీ నాయనమ్మ భలేదే" అంది. మా స్నేహం అలా మొదలైంది.

మేం పదో తరగతికి వచ్చిన ఏడాది తాలూకాలు పోయి మండలాలు వస్తున్నాయన్నారు. ఊళ్ళో ఎక్కడ విన్నా అదే గోల. మా ఊరు నూజివీడుకీ ముసునూరుకీ నడుమ. ఆసుపత్రి, సినిమా, మామిడి కొట్లు అన్నీ నూజివీడులోనే, కాబట్టి మా పెద్దలంతా నూజివీడు మండలమే కావాలని పట్టుపట్టి ఉన్నారు. "టీచర్, మేం ఏ మండలం?" అని క్లాసులో అడిగాం. ఆవిడ కొట్లో సరుకుల పొట్లాలకు కట్టే పురికొసను పారేయకుండా ఉండగా చుట్టి దాచుకునేవారు. ఆ ఉండ తెచ్చి, మట్టి పటం మీద నీళ్ళు పోసి, తడి జారిన వాలును బట్టి పురికొస పరిచారు. మా ఊరి నీళ్ళు ముసునూరు పక్కగా పోయే తమ్మిలేటికి చేరతాయి కనుక మా ఊరు ముసునూరు వైపు పడింది. "ఇది ఆటే సుమా. గీత మనిషిది, వాలు నేలది. గవర్నమెంటు దేన్ని చూస్తుందో నాకేం తెలుసు" అన్నారు.

మేమంతా ఇంటికెళ్ళి ఈ వింత గొప్పగా చెప్పాం. మామిడి పిందె కట్టేనాటికి మండలాల లిస్టు వచ్చింది. మా ఊరు ముసునూరులోనే ఉంది.

ఇక చూడండి. "టీచరమ్మ ముందే ఎట్టా చెప్పింది? ఆవిడే పటం వేసి పైకి పంపిందంట" అని ఒకరన్నారు. "కలెక్టరు గారి మనిషి వచ్చి ఆ పురికొస కొలుచుకుపోయాడంట" అని ఇంకొకరు. మా ఊళ్ళో పుకారుకు కాళ్ళు రావడానికి ఓ పూట చాలు. రచ్చబండ దగ్గర కూర్చుని, మన ఊరి ఆడపిల్ల ఒక్కతి కూడా ఆ స్కూలుకు పోవడానికి వీల్లేదని తీర్మానించారు. ప్రెసిడెంటు గారు ముందుగా తన కూతురినే ఆపేశారు. ఇక మా నాన్న నోరెక్కడ పెగులుతుంది?

"పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చాయి నాన్నా" అని ఏడ్చాను.

"నే పంపిస్తే రేపు కాపలాకి ఇంకొకణ్ణి పెడతారే తల్లీ. పెద్దాయన కోపం తగ్గనీ" అన్నాడు మా నాన్న, నా మొహం చూడకుండా.

మర్నాటి నుంచి అమ్మతో తోటకు పోయి పాదులు తవ్వాను. నాయనమ్మ కావిడి మోసిన చెట్లకే. ఒకసారి తోటలోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ బళ్ళోకి రావడం మా వాడలో నేను చూడలేదు. భయం వేసింది. ప్రెసిడెంటు గారి అమ్మాయి గేటు దాకా వచ్చి నన్ను చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

తర్వాత ఓ సాయంత్రం టీచరు గారు గొడుగేసుకుని మా ఊరొచ్చారు. ప్రెసిడెంటు గారి అరుగు దగ్గర జనం మూగారు. నేనూ అమ్మ పక్కన నిలబడ్డాను. ఆవిడ వాదిస్తారని, అందరినీ నేల మీద కూర్చోబెట్టి పాఠం చెబుతారని అనుకున్నాను. ఆవిడ సంచిలోంచి పురికొస ఉండ తీసి ప్రెసిడెంటు గారి చేతిలో పెట్టారు.

"మీ ఊరిని అటు వేసింది నేనేగా అండీ. మీరే వచ్చి ఎక్కడ వేయాలో వేయండి" అన్నారు.

"నేను వేస్తే గవర్నమెంటు వింటుందాండీ?" అన్నారాయన.

"నేను వేస్తే విందని మీరేగా అంటున్నారు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది కానీ మీసం కింద దాచుకున్నారు. "సరే, వస్తానండీ. కానీ మా ఊరి పటం నేను వేసినట్టే ఉండాలి, మీరు మార్చకూడదు" అన్నారు.

"నేను ముట్టుకోను. మరి పిల్లలు?"

ఆయన కూతురి వైపు, తర్వాత మా వైపు చూసి, "పొద్దున్నే బస్సెక్కించండయ్యా" అన్నారు.

మర్నాడు ప్రెసిడెంటు గారు పంచె ఎగ్గట్టి మట్టి పటం దగ్గర గొంతుక్కూర్చుని, మా ఊరిని చుట్టి పురికొసను నూజివీడు వైపు లాగారు. ఎత్తుగుట్ట మీదుగా, వాలుకు అడ్డంగా. టీచరు గారు చేతులు కట్టుకుని చూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వెళ్ళాక, "అదేంటి టీచర్, తప్పు కదా? తప్పని మీకు తెలుసు కదా?" అన్నాను.

"తెలుసు."

"మరి ఊరుకున్నారేంటి?"

ఆవిడ నా అరచేతులు తిప్పి చూశారు. పార పట్టి బొబ్బలెక్కి ఉన్నాయి. "పురికొస ఎటుంటే ఏంటే. నువ్వు బళ్ళో ఉన్నావు. పో, పుస్తకం తియ్" అన్నారు.

పరీక్షలు అయ్యాక గాలివాన వచ్చింది. తోటల్లో కాయలు రాలి అందరూ గొల్లుమంటుంటే నేను స్కూలు వెనక్కి వెళ్ళి చూశాను. తాలూకా కరిగిపోయింది. పురికొస మాత్రం కొట్టుకుపోయి, గోడవారన కంపకు తగులుకుని ఉంది.

ఆ పది పాసవడం వల్లే నాకు బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. చింతలపూడి రూటులో డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా నా కళ్ళు వాటంతట అవే మూతపడతాయి. టిక్కెట్టు ఇవ్వమ్మా అని జనం కసురుకుంటారు. మొన్నామధ్య జిల్లాలు కూడా మార్చి మమ్మల్ని ఏలూరులో కలిపినప్పుడు ఆవిడను చూడ్డానికి వెళ్ళాను. "టీచరు గారూ, మనం ఇప్పుడు కృష్ణా జిల్లా కాదండీ" అన్నాను. "అలాగా? నా కుర్చీ ఇక్కడే ఉందే" అని నవ్వారు. అదే ఆఖరి చూపు.

సమాధుల తోటకు వెళ్ళేముందు నాన్న కాపలా కాసిన తోటలోంచి పిడికెడు ఎర్రమట్టి కర్చీఫులో కట్టుకున్నాను. పిచ్చిదాన్ననుకుంటారేమోనని హ్యాండ్‌బ్యాగులోంచి బయటికి తీయలేదు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ప్రెసిడెంటు గారి అమ్మాయి ముందుకొచ్చింది. దాని చేతిలో పురికొసతో కట్టిన పొట్లం. మా ఊరి మట్టే. ఆ తర్వాత ఒక్కొక్కరే సంచులు, డబ్బాలు తెరిచారు. తలలు నెరిసిన ఆడవాళ్ళం, మట్టి తెద్దామని ముందుగా ఒకరికొకరం చెప్పుకోలేదు. ఎర్రమట్టి, నల్లమట్టి, ఇసుక ఆవిడ మీద పోశాం.

అంతలో చినుకు పడింది. ఒక్కరూ గొడుగు తీయలేదు. సమాధి మీద నీళ్ళు సన్నగా పాయలు కట్టాయి. అందరం వంగి చూస్తున్నాం.

"తమ్మిలేటి వైపే" అంది ప్రెసిడెంటు గారి అమ్మాయి.

"కాదే, ఇటు చూడు" అంది రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన ఒకామె.

ఎవరిది ఒప్పో గొడుగు మొనతో చూపించే మనిషి లేక, తడుస్తూ అలాగే వంగి నిలబడ్డాం.