దోసకాయ చేదు చూసిన కొత్త అల్లుడు

కొత్త అల్లుళ్ళు అత్తవారింట్లో చేసే వెధవ పనులు చాలా ఉంటాయి. ఒకడు నవారు మంచం తెంపుతాడు, ఇంకొకడు మామగారి బండి తీసుకెళ్ళి కాలవలో దింపుతాడు. నేను వాటి జోలికి పోలేదు. కూర్చున్నచోట కూర్చునే, ఒక్క నాలుకతో, పండిన అరెకరం దోసతోటను సర్వనాశనం చేయబోయాను. ఎలాగా అని అప్పుడే కంగారుపడకండి. నా పరువు పోయిన వైనం నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇద్దరే ఉన్నారు, ఒకరు మా ఆవిడ, ఇంకొకరు పిడుగురాళ్ల మస్తాన్ భాయ్. వాళ్ళ దాకా వెళితే ఇంకా కలిపి చెబుతారు కాబట్టి నా నోటే వినండి.

నాకప్పటికి పెళ్ళయి నెల తిరగలేదు. నరసరావుపేటలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. రోజూ జనం షుగరూ కొవ్వూ చూసి చూసి నాకు ఆరోగ్యం మీద వెర్రి పట్టుకుంది. ఫోనులో వచ్చిన ప్రతి చిట్కా చదవడం, చదివింది పక్కవాడి నెత్తిన రుద్దడం. ఆ చిట్కాలన్నిటిలో నాకు ఇష్టదైవం దోసకాయ. ఒంటికి చలవ, నిండా నీళ్ళు, తిన్నది తేలిగ్గా అరుగుతుంది, మొహానికి నిగారింపు! ఒకసారి కీరా చక్రాలు కళ్ళ మీద పెట్టుకుని వసారాలో పడుకుంటే, మా అత్తగారు చూసి "అయ్యో, అల్లుడికి కళ్ళకలక వచ్చిందే" అని మా ఆవిడ సుజాతను కేకేశారు. అయినా నేను తగ్గలేదు.

మా అత్తవారిది వెల్దుర్తి దగ్గర పల్లె. మామగారు కోటయ్య గారు ఆ ఏడు బోరు కింద అరెకరం దోస వేశారు. కాయ పచ్చగా, గుండ్రంగా, చూడముచ్చటగా కాసింది. కానీ మార్కెట్ యార్డులో దాన్ని అడిగే నాథుడు లేడు. తెచ్చిన కాయ తెచ్చినట్టే గేదెలకు పోసి రావాల్సిన రోజులు. మామగారికి మిగిలిన ఆశల్లా మస్తాన్ భాయ్ ఒక్కడే. పిడుగురాళ్లలో ఆయన మెస్సులో దోసకాయ మటన్ తినడానికి లారీ డ్రైవర్లు దారి మళ్ళించుకుని మరీ వస్తారు. అది రంజాన్ నెల. సాయంత్రం ఇఫ్తార్ విందులకు ఆయనకు బోలెడన్ని ఆర్డర్లు. కాయ నచ్చితే నెలంతా మన తోటదే కొంటానని మాటిచ్చి, ఆ పొద్దున ట్రాలీ ఆటో వేసుకుని స్వయంగా వస్తున్నాడు.

దోసకాయతో ఒక పేచీ ఉందని మీకు తెలియంది కాదు. పైకి ఎంత అందంగా ఉన్నా, లోపల చేదో కమ్మనో నాలుక మీద పెట్టుకుంటేనే తెలుస్తుంది. మా వైపు ఏ ఇల్లాలూ చేదు చూడకుండా ముక్క గిన్నెలో వేయదు. ఒక్క చేదు కాయ పడిందంటే పప్పయినా, ఆవకాయైనా, కిలోల కొద్దీ మటనైనా పెంట మీద పోసుకోవాల్సిందే.

ఆ పొద్దున నేను లేచేసరికి మామగారు పేస్టు చేతికిచ్చారు.

"ఛ, ఇదంతా రసాయనం మామయ్యా! వేపపుల్లను మించింది లేదు" అని పెరట్లో వేపచెట్టు కొమ్మ వంచి, బొటనవేలంత లావు పుల్ల విరిచాను. పుల్లతో సరిపెట్టుకున్నానా? పరగడుపున వేప చిగుళ్ళు రక్తశుద్ధి అని గుప్పెడు కోసి అవీ నమిలాను. ఆ పుల్ల నోట్లో పెట్టుకునే, పొయ్యి దగ్గర బొబ్బట్లు కాలుస్తున్న అత్తగారికి పాఠం మొదలుపెట్టాను.

"అత్తయ్యా, ఇవాళ కూరేంటి?"

"దోసకాయ పప్పు బాబూ. ఇంకో కాయ నిప్పుల మీద కాల్చి పచ్చిమిరగాయలేసి నూరతా."

"కాల్చొద్దు అత్తయ్యా, సత్తువంతా పోతుంది! పచ్చి ముక్కల పచ్చడి చెయ్యండి. చెక్కు కూడా తీయొద్దు, అసలు సంగతంతా చెక్కులోనే ఉంది."

"మా నాయనమ్మ కాడ్నుంచీ కాలుస్తానే ఉన్నాం బాబూ, సత్తువ లేకుండానే మీ మామయ్య ఇంత పొలం చేశాడా?" అన్నారు ఆవిడ, బొబ్బట్టు తిప్పుతూ. దానికి జవాబు ఫోనులో వెతుక్కుంటూ పుల్ల ఇంకాస్త గట్టిగా నమిలాను.

అంతలో ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. మస్తాన్ భాయ్ దిగి, కోసి పోసిన దోసకాయల కుప్ప చూసి మురిసిపోయాడు. రెండు కాయలు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"మాల్ చానా బాగుంది మామా! చేదు లేదని తేలితే ఇప్పుడే ఎత్తిస్తా."

"కొరికి చూడు భాయ్, నీదే ఆలస్యం" అన్నారు మామగారు.

"రోజాలో ఉన్నా గదా మామా. పొద్దుగూకేదాకా నాలిక మీద ఏం పెట్టను. నువ్వు చూసి చెబుదువు గానీ, అమ్మేవాడు తన కాయ చేదని చెబుతాడా యాడన్నా?" అని నవ్వాడు.

ఇలాంటి సందు కోసమే నేను పుట్టాను. పుక్కిలించి ఉమ్మేసి, భుజం మీద తువ్వాలు సర్దుకుని ముందుకొచ్చాను.

"నేను చూస్తాను భాయ్! ల్యాబులో పరీక్షలు చేయడమే నా పని. ఇంటి మనిషిననే పక్షపాతం ఉండదు."

"అల్లుడుగారి మాటంటే నాకు కోర్టు తీర్పే" అన్నాడు మస్తాన్ భాయ్. మామగారి మొహం వెలిగిపోయింది. పాపం, అల్లుడు అక్కరకొచ్చాడని పొంగిపోయాడా పెద్దాయన.

మొదటి కాయ కోసి ముక్క నోట్లో వేసుకున్నాను. కళ్ళు మూసుకుని నమిలాను. ఓరి నాయనో, చేదు!

"ఇది పనికిరాదు" అని పక్కన పెట్టాను. రెండోది కోశాను. అదీ చేదే. కుప్ప అడుగు నుంచి ఒకటి లాగాను. అదింకా చేదు. "మామయ్యా, మన్నించాలి, న్యాయం న్యాయమే. మొత్తం తోటే చేదు!" అని గట్టిగా, వీధిలో వాళ్ళకి కూడా వినపడేలా తీర్పు చెప్పేశాను.

మామగారు కుప్ప పక్కన కూలబడ్డారు.

"నిన్న మా ఇంట్లో పప్పు చేసుకున్నాం గదయ్యా, అందరం తిన్నాం..." అంటూ చేతిలో కాయను తిప్పి తిప్పి చూసుకున్నారు.

"నువ్వేం అనుకోబాక మామా" అన్నాడు మస్తాన్ భాయ్. "సొంత అల్లుడే చేదంటుంటే నేనెట్టా ఎత్తను? నలుగురూ ఉపవాసం ఇడిచి తినే కూడు." వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు.

నేనేమో ధర్మరాజు తర్వాత నేనే అన్నట్టు నిలబడ్డాను. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఆ పూట నా పుర్రెకి బుద్ధీ లేదు, జిహ్వకి రుచీ లేదు.

అత్తగారు కళ్ళు తుడుచుకుని పళ్ళెంలో బొబ్బట్టు తెచ్చారు. "పోయింది పోనీలే, నువ్వు పరగడుపున ఉన్నావు. కాస్త ఎంగిలి పడు బాబూ" అన్నారు. ఆవిడ బొబ్బట్టంటే ఆ ఊళ్ళో పేరు. నెయ్యి కారుతోంది. పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. అక్కడితో నోరు మూసుకుని మింగేస్తే ఈ కథే లేదు. న్యాయమూర్తి పూనకం ఇంకా దిగలేదు కదా!

"అత్తయ్యా, ఇది కూడా చేదే!"

ఆటో స్టార్టవబోయి ఆగిపోయింది. మామగారు తలెత్తారు. సుజాత నడుం మీద చేయి వేసుకుని వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఏందండీ? మా అమ్మ బొబ్బట్టు చేదా?"

"అబద్ధం చెప్పను సుజాతా, చేదుగానే..."

"పొద్దున లేచిన కాడ్నుంచి మేకలాగా ఏపాకు మేస్తంటే బొబ్బట్టు చేదు గాక తీపుంటదా! నోట్లో ఏపచెట్టు పెట్టుకుని మా నాన్న పంట మీద తీర్పు చెబుతావంటయ్యా!" 'అండీ' కాస్తా 'అయ్యా' అయిపోయింది, గమనించారా?

ఆటోలోంచి మస్తాన్ భాయ్ నవ్వు మొదలైంది. దిగాడు, నవ్వాడు, ఆటో పట్టుకుని నవ్వాడు. "యా అల్లా, అల్లుడుగారూ, రోజాలో నన్ను ఇంత నవ్విస్తే గొంతు ఎండిపోదూ!" అన్నాడు.

నేను బెల్లంగడ్డ నమిలి, చెంబుడు నీళ్ళు పుక్కిలించి, అదే కాయ ముక్క మళ్ళీ తిన్నాను. కరకరలాడుతూ, కాస్త పులుపుగా, కమ్మగా ఉంది. "భాయ్, బ్రహ్మాండం!" అన్నాను.

"మీరు ఊరుకోండి, మీ నాలిక మీద స్టే వచ్చింది" అన్నాడాయన. "అత్తా, నువ్వు చూసి చెప్పు."

"అమ్మేవాళ్ళ మాట నమ్మనంటివిగా భాయ్?" అన్నారు అత్తగారు.

"మీ ఇంట్లో అబద్ధం చెప్పడం చాతగాదని అల్లుడు నిరూపించాడు గదత్తా. ఇంక భయమేంది?"

అత్తగారు కాయలు కోసి చూశారు. ఒక్కటీ చేదు తేలలేదు. కుప్ప మొత్తం ఆటో ఎక్కింది. నెలంతా అలాగే ఎక్కింది. మామగారు నన్ను ఒక్క మాట అనలేదు కానీ, ఆ రోజే పెరట్లోకి వెళ్ళి, వేపచెట్టుకు నా చేతికందే కొమ్మలన్నీ కొట్టించేశారు.

ఆ సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక మస్తాన్ భాయ్ క్యారేజీ నిండా దోసకాయ మటన్ పంపాడు. ముక్క వెన్నలా కరిగిపోయింది. వెనకే ఫోను: "మామా, అల్లుడుగారిని తినమని చెప్పు. ఎట్టా ఉందో మాత్రం అడగబాక!"

ఇప్పటికీ అత్తవారింటికి వెళితే, మా అత్తగారు గుమ్మంలో కాళ్ళకు చెంబుతో నీళ్ళిచ్చి, రెండో చేత్తో పేస్టు ట్యూబు అందిస్తారు. అందుచేత, కోటప్పకొండ వైపు తిరిగి, నలుగురి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఇక బతికున్నంతకాలం పరగడుపున ఎవరి పంట మీదా, ఎవరి వంట మీదా తీర్పు చెప్పను. ఈ ప్రమాణాన్ని మీరు నిశ్చింతగా నమ్మొచ్చు. చేసేముందు బెల్లంముక్క నోట్లో వేసుకున్నాను, తియ్యగానే ఉంది.