గోడ మీది జింక నాది కాదు

పోయిన వారం పిట్టలకు గింజలు కొందామని కాల్గరీకి దక్షిణాన ఉన్న ఒక చిన్న ఊళ్లో పశువుల దాణా కొట్టుకు వెళ్లాను. తలుపు తీయగానే బెల్లం పాకం వాసన గుప్పుమంది. లోపల ఓట్సులో మొలాసిస్ కలిపి బస్తాలకెత్తుతున్నారు. ఆ వాసనకు మా వాళ్లెవరికైనా పిండివంటలు గుర్తుకు రావాలి. నాకు ఒక మగ జింక గుర్తుకొచ్చింది, దాని వెనకే డాక్టర్ సుశీల గారు. గింజలు కొనకుండానే కారులోకి వచ్చి కూర్చున్నాను. కళ్లు చెమర్చాయని రాస్తే బాగుంటుంది కానీ చెమర్చలేదు. కోపం వచ్చింది. ఆవిడ పోయి ఏడాదయినా ఆ కోపం మాత్రం నా దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.

సుశీల గారిది రాజమండ్రి. ఆపరేషన్లలో మత్తు ఇచ్చే డాక్టరు. ఈ దేశం వచ్చిన కొత్తలో ప్రెయరీలనే గడ్డి మైదానాల నడుమ ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పని దొరికింది. అక్కడ చలికాలంలో కాలక్షేపానికి రెండే ఉన్నాయట, హాకీ, వేట. "హాకీకి నా మోకాళ్లు ఒప్పుకోలేదు" అనేవారు. ఆ ఊరి నర్సుల దగ్గర తుపాకీ పట్టడం నేర్చుకుని, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నారు. కాల్గరీకి మారాక ఆమె సంగతి తెలిసి మన వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆమె చేసిన జింక మాంసం వేపుడు రుచి చూశాక చాలామంది ఆ వేలే నాక్కున్నారు. నేను అప్పటికి పైప్‌లైన్ ఇంజనీరుగా కుదురుకున్నాను. పేరు నరసింహం, మాది అనంతపురం వైపు. ఒకరింట్లో భోజనాల దగ్గర మొదటిసారి పరిచయం కాగానే, చిన్నప్పుడు చిరుతపులిని కర్రతో తరిమానని ఆమెతో చెప్పాను.

ఆమె నన్ను ఎగాదిగా చూశారు. "చిరుతపులా, కుక్కా?"

"కుక్కేనండీ. కానీ పెద్దది."

"అయితే శనివారం తెల్లారకముందే రా. నిజం చెప్పించడానికి నీతో ఎక్కువసేపు పట్టదు."

అలా ఆమె ట్రక్కు ఎక్కాను, ఎక్కినవాణ్ణి దిగలేదు. ప్రతి నవంబరులో ఇదే వరస. ముందు పొలం యజమాని తలుపు తట్టి అడగాలి. ఆమె చేతిలో ఎప్పుడూ సున్నుండల డబ్బా ఉండేది. ఆ చుట్టుపక్కల రైతులకు ఆమె పేరు నోరు తిరగదు కానీ సున్నుండ అన్న మాట మాత్రం తిరిగేది. తర్వాత మంచులో నడక. గాలి ఎటు వీస్తోందో చూడటానికి ఆమె ముఖానికి రాసుకునే పౌడరు డబ్బానే తెచ్చి కొంచెం విదిలించేవారు. మన వాసన జింకకు చేరితే ఆ పూట వేట ముగిసినట్టే. ఒకసారి పాప్లార్ చెట్ల గుంపులోంచి మంచి కొమ్ములున్న మగ జింక బయటికొచ్చింది. ఆమె తుపాకీ ఎత్తి చాలాసేపు అలాగే ఉన్నారు. దాని ముందు ఒక కొమ్మ అడ్డుగా ఉంది. అది తల ఎత్తింది, ముక్కుతో ఒక్క బుస కొట్టింది, తోక తెల్లగా ఎగరేసి లోయలోకి దూకింది. నేను ఉసూరుమన్నాను.

"ఏడవకు. అది గెలిచింది. పద, కాఫీ తాగుదాం," అన్నారావిడ. ఆ మాటన్నప్పుడు ఆమె ముఖంలో ఓడిన మనిషి కనబడలేదు.

ఆ ఏడు ఉగాది విందులో ఆ జింకను నేను ఎలా వర్ణించానో చెప్పను. అది నా మీదికి దూకిందనీ, నేను పక్కకు దొర్లి ఒకే గుండుతో కూల్చాననీ చెప్పానంటే చాలు. పై ఏడు కొమ్ములు ఇంకాస్త పెరిగాయి. సుశీల గారు పక్కనే కూర్చుని పులిహోర తింటూ వినేవారు. "నరసింహం జింకకి కొమ్ములు ప్రతి ఏడూ పెరుగుతాయి, బలమైన జాతి" అనేవారు, అంతే. నిజమేమిటంటే నేను ఒక్క జింకనూ కొట్టలేదు. నాకూ లైసెన్సు ఉంది. జింకను కొట్టడానికి ప్రభుత్వమిచ్చే ట్యాగు అనే చీటీ నేనూ కొనేవాణ్ణి. ఏటా అది వాడకుండానే మురిగిపోయేది. ఆ ట్రక్కులో నా అసలు ఉద్యోగం కాఫీ ఫ్లాస్కు మోయడం.

నేను రిటైరయినప్పుడు ప్రభాకర్ వాళ్లింటి బేస్‌మెంట్‌లో పార్టీ ఇచ్చారు. ప్రభాకర్‌ది వరంగల్. ఆయిల్ బావులకు సామాన్లు సరఫరా చేసే వ్యాపారం, పెద్ద చెయ్యి, పెద్ద గొంతు. కేకు కోశాక నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినపడేలా అన్నాడు. "అన్నా, ఇన్నేండ్లు నీ వేట కథలు విన్నం. ఒక్క కొమ్ము కూడా చూడలే. ఈసారి మనందరి తరఫున గిఫ్ట్. సస్కాచెవాన్‌లో ఒక రాంచ్. ఎత్తు ఫెన్సింగ్, లోపల పెద్ద పెద్ద జింకలు. ఫొటోలల్ల చూసి నువ్వే సెలెక్ట్ చేసుకో. గ్యారంటీ." మా అల్బర్టా రాష్ట్రంలో కంచె లోపల వేట కుదరదు, ఎర వేసి జింకను కొట్టడమూ కుదరదు. సరిహద్దు దాటి పక్కనున్న సస్కాచెవాన్‌లోకి వెళితే రెండూ కుదురుతాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఉబ్బింది. నా కోతలన్నీ ఒక్క గుండుతో నిజమైపోయే అవకాశం.

బయట సుశీల గారు తన ట్రక్కు అద్దం మీది మంచు గీకుతున్నారు.

"డాక్టరు గారూ, మీరేమీ అనలేదు."

"ఏమనాలి? భోజనానికి పిలిచి, తలుపు గడియపెట్టి చంపే చోటికి నిన్ను పెద్దమనిషిని చేసి పంపిస్తున్నారు. సంతోషం."

"అదీ జింకే కదండీ. మనం కొట్టేదీ జింకనే."

"మనమా?"

"సరే, మీరు."

"నా ముందున్న దానికి పారిపోయే దారి ఉంటుంది. చాలాసార్లు పారిపోతుంది కూడా. నువ్వు చూశావు."

నాకు ఉక్రోషం వచ్చింది. "మీరు మాత్రం రైతుల అల్ఫాల్ఫా గడ్డి మడి గట్టున కూర్చోరా? జింకలు అక్కడికి మేతకే వస్తాయి. అది ఎర కాదా?"

గీకడం ఆపారు. "మంచి ప్రశ్నే. ఆ గడ్డి ఆవుల కోసం వేసింది, నా కోసం కాదు. తేడా అంతే. సన్నటి తేడానే, ఒప్పుకుంటాను. ఇన్నేళ్లూ దాని మీదే నించున్నాను." మళ్లీ గీకసాగారు. "నా ఉద్యోగం ఏంటయ్యా? నన్ను నమ్మి కళ్లు మూసుకున్న మనిషికి మత్తిచ్చి, మళ్లీ కళ్లు తెరిచేదాకా పక్కన కూర్చోవడం. అక్కడ చేసేదేంటి? రోజూ తిండి పెట్టి, మనిషి చప్పుడంటే భయం పోగొట్టి, అప్పుడు కాల్చడం. ఆకలి మీద పందెం కాయొచ్చేమో. నమ్మకం మీద కాయకూడదు."

"అందరూ ఎంతో ప్రేమగా ఇచ్చారండీ. ఎలా కాదనను?"

"అయితే వెళ్లు. ఇన్నాళ్లూ నీ గొప్పలకి ఎవరి ప్రాణమూ పోలేదు. అందుకే పక్కన కూర్చుని నవ్వుతూ విన్నాను. ఆ జింకని కొట్టొచ్చాక మాత్రం నా ట్రక్కు ఎక్కొద్దు."

వెళ్లాను. చప్పట్లు కొట్టినవాళ్ల ముందు తల దించుకోవడం కంటే ఒక ముసలావిడ కోపం చిన్నదనిపించింది. ప్రభాకర్ తోడొచ్చాడు. రాంచ్ యజమాని నెమ్మదైన మనిషి, గోధుమ గిట్టుబాటు కాక జింకల పెంపకంలోకి దిగినవాడు. ఆల్బమ్ తెరిచి, కొమ్ముల కొలతలతో సహా ఒక్కొక్క జింకనూ చూపించాడు. ఇక్కడి అడవి చాలా పెద్దదా అని అడిగాను. "అడవి కాదు. ఇది నా పొలం, ఇవి నా పశువులు. అడవి అని నేనెవరికీ చెప్పను. వచ్చినవాళ్లు ఇంటికెళ్లి చెప్పుకుంటారు," అన్నాడాయన. ఆ మాటతో నా చెంప మీద ఎవరో మెల్లగా తట్టినట్టయింది. తర్వాత ఒక చెక్క గది. లోపల హీటరు, మా ఆఫీసులో కంటే మెత్తని కుర్చీ, చిన్న కిటికీ. కిటికీకి ఎదురుగా ఒక పీపా. వేళకు దాని మోటారు గిర్రున తిరిగి, మొలాసిస్ కలిపిన ఓట్సు నేల మీద చిమ్మింది. ఆ చప్పుడు వింటూనే నేను ఎంచుకున్న జింక పరుగులాంటి నడకతో వచ్చింది, బడి గంట విన్న పిల్లాడిలా. దాని చెవికి చిల్లు ఉంది. ఫొటోలో బాగుండదని పెంపుడు పశువులకు వేసే నంబరు బిళ్ల ముందే తీసేశారట. అది నా కిటికీ వైపు ఒకసారి చూసింది. బుస కొట్టలేదు. తల దించి తినసాగింది.

అప్పుడు నేనేం చేశానంటే, తుపాకీ తిప్పి గేటు తాళం మీద కాల్చాను. తాళం ముక్కలయింది, గేటు బార్లా తెరుచుకుంది, మందకు మంద ప్రెయరీలోకి దూసుకుపోయింది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఒకటి రెండుసార్లు ఇలాగే చెప్పాను కూడా. అబద్ధం. ఆ గదిలోంచి అసలు గేటు కనిపించదు. నేను చేసింది తూటాలు బయటికి తీసి కిటికీ గట్టు మీద పెట్టడం, అంతే.

ప్రభాకర్ ఫోన్‌లో వీడియో ఆపాడు. "ఏందన్నా, చేతులు వణుకుతున్నయా?"

"కొట్టను."

"గింత దూరం వచ్చినంకనా? రాత్రి మోటెల్‌ల చికెన్ తిన్నప్పుడు ఈ దయ ఎక్కడ పోయింది? ఆ కోడికేమన్నా అడవి చూపించిన్రా?"

దీనికి జవాబు నాకు తిరుగుదారిలో, ఎంతో దూరం వచ్చాక తట్టింది. కోడిని కోసేవాడు కోడిని గెలిచానని తల గోడకు తగిలించుకోడు. అప్పుడు మాత్రం, "కొట్టను ప్రభాకర్, నాకు చేత కాదు" అనే అన్నాను. ప్రభాకర్ నిట్టూర్చి తుపాకీ అందుకుని మళ్లీ తూటాలు ఎక్కించాడు. అందరూ కలిసి ఇచ్చింది వృథా చేయడం ఎట్లా అన్నాడు. జింక ఎటూ కదల్లేదు. తీపి అంటుకున్న మూతితోనే పడిపోయింది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ప్రభాకర్ దాని తల ఎత్తి పట్టుకుని నన్ను పిలిచాడు. "రా అన్నా, కొమ్ములు పట్టుకో. ఫొటో నీదే. ఎవరు కొట్టింది మనిద్దరికే తెలుసు, మూడో మనిషికి చెప్పను. ఒట్టు." వాడు మంచివాడు. ఆ మాట నిజంగా ప్రేమతోనే అన్నాడు. నాలాంటివాడికి అంతకంటే పెద్ద ఎర ఎవరూ వేయలేరు. ఒక్క అడుగు వేసి ఆ కొమ్ములు పట్టుకుంటే, ఏళ్ల తరబడి నేను చెప్పిన కథలన్నిటికీ సాక్ష్యం దొరికేది. నా కాలు ఒకటి ముందుకు పడిందని కూడా చెప్పాలి. దాన్ని వెనక్కి తీసుకుని ట్రక్కులో కూర్చున్నాను.

కాల్గరీ చేరిన మర్నాడు సుశీల గారింటికి వెళ్లాను. ఆమె తలుపు సగమే తీశారు.

"కొట్టావా?"

"లేదండీ."

"జింక?"

"చచ్చిపోయింది. ప్రభాకర్ కొట్టాడు."

"మరి నువ్వేం కాపాడినట్టు?"

"ఏమీ లేదండీ."

నా ముఖంలోకి చూశారు. అబద్ధం ఎక్కడైనా దాగిందేమోనని వెతికే చూపు. "ఆ మాట అందరి ముందూ అను. కథ చెప్పమంటారుగా," అని అప్పుడు తలుపు పూర్తిగా తీశారు.

ఉగాది విందులో కథ చెప్పమన్నారు. లేచి నిలబడి, నేను కొట్టలేదనీ, అది వేట కాదనీ, దాని కోసం చప్పట్లు కొట్టించుకోలేననీ, ఇంతకుముందు చెప్పిన జింకలను కూడా నేను కొట్టలేదనీ చెప్పాను. హాలంతా చల్లబడింది. శాకాహారి ఒకరు, "అందుకే మాంసం మానేయండి" అన్నారు. ఇంకొకాయన, "పెట్టిన చేతినే కరవడం అంటే ఇదే" అన్నాడు. ప్రభాకర్ ప్లేటు వదిలేసి వెళ్లిపోయాడు. చాలాకాలం నాతో మాట్లాడలేదు. సుశీల గారు పెరుగన్నం కలుపుకుంటూ, "కొమ్ములు ఈ ఏడు పెరగలేదే" అన్నారు. నాకు ఆమె ఇచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. ఆ నవంబరులో మళ్లీ ఆమె ట్రక్కు ఎక్కాను. నడవలేని రోజులు వచ్చాక కూడా పొలం గట్టున ట్రక్కు ఆపుకుని, అద్దాలు దించి, తుపాకీ ఇంట్లోనే వదిలేసి కూర్చునేవాళ్లం. ఒక్కోసారి జింకలు వచ్చేవి. ఒక్కోసారి రావు. వచ్చినా రాకపోయినా ఇద్దరం కాఫీ తాగేవాళ్లం.

ప్రభాకర్‌తో మాటలు కలిశాయి. ఆ తల వాళ్ల బేస్‌మెంట్‌లో బార్ పైన ఉంది, కింద ఇత్తడి పలక మీద నా పేరే, చెవి చిల్లు మైనంతో పూడ్చారు. పోయిన నెల వాళ్లింట్లో భోజనాలకు పిలిస్తే వెళ్లాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి గ్లాసు పట్టుకుని దాని కింద నిలబడి అడిగింది. "అంకుల్, ఇది మీరే హంట్ చేశారంట కదా?"

ప్రభాకర్ దూరం నుంచే నా వైపు చూశాడు. వద్దని తల ఊపాడు.

"నేను కాదమ్మా. దీన్నెవరూ వేటాడలేదు. తిండి పెడతారని నమ్మి వచ్చింది, కంచె లోపల కాల్చారు," అన్నాను.

ఆ అమ్మాయి గ్లాసు దించి ఆ తల వైపు మళ్లీ చూసింది. ప్రభాకర్ దగ్గరికొచ్చి నా చెవిలో అన్నాడు. "అన్నా, నా ఇంట్ల, నా తిండి తినుకుంట, ప్రతిసారి ఇదేనా? ఒక్కసారన్నా ఊకోవచ్చుగా."

"ఊరుకోను ప్రభాకర్," అన్నాను. "పిలవడం మానేస్తే నీ ఇష్టం. పిలిచినన్నాళ్లూ ఇదే చెబుతాను."