అంగుళం గుడ్డ, ఎవరిదో నీలం చొక్కా

మా కోడలు నోరు విప్పదు. నోరు విప్పని మనిషిని నేను ఒక పట్టాన నమ్మను. పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఉద్యోగం, ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద కంప్యూటరు. పెళ్లయిన కొత్తలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నలభై ఏళ్లు మిషను తొక్కి నేను నేర్చిందంతా ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. చంక దగ్గర ఎంత, మెడ దగ్గర ఎంత అని. నేను చదివింది మూడో తరగతి. అయినా నా టేపు ఎన్నడూ తప్పు చెప్పలేదు. ఆ లెక్కలతో ఆమె ఒక ప్రోగ్రాం తయారుచేసింది. కొలతలు ఇస్తే చాలు, గుడ్డ ఎలా కత్తిరించాలో కాగితం మీద గీసి ఇస్తుంది. అందరికీ ఊరికే. పైగా అది లోపల ఎలా పనిచేస్తుందో ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు. ఊరికే ఎందుకిస్తావమ్మా అంటే నవ్వుతూ మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది.

అందులో ఒక అంగుళం నాది. వాడేవాళ్లు ఏదీ మార్చకపోతే, ఆ ప్రోగ్రాం కుట్టు లోపల అంగుళం గుడ్డ వదులుతుంది. అలా తనంతట తాను చేసేదాన్ని డిఫాల్ట్ అంటారట. ఒళ్లు చేసినా, గుడ్డ ముడుచుకున్నా, కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి ఆ అంగుళం.

మొన్నామధ్య ఎవరో ఒకాయన దాని మీద పడ్డాడు. అంగుళం దండగ, పావంగుళం చాలు, డిఫాల్ట్ మార్చండి అని రాశాడు. ముక్కూ మొహం తెలియనివాడు, మాట మాత్రం తేనె. ప్రతి మాటకీ ముందు "మీ శ్రమకు దండాలండీ" అంటాడు. నేను దండాలయ్య అని పేరు పెట్టాను. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే చోట వారం రోజులు వాదులాట. రోజుకో కొత్త మనిషి వచ్చి అవునవునని తలూపడం. కోడలు అదంతా నాకు చదివి వినిపించింది.

"ఇంతమందికీ ఒక్కసారే బుద్ధి పుట్టిందా? ఆయన గుడ్డల మిల్లు వాడేమో కనుక్కో."

"మిల్లు వాడైతే గుడ్డ ఎక్కువ వాడమంటాడు గానీ తక్కువ వాడమంటాడా అత్తయ్యా?"

నిజమే. అయినా అంత చటుక్కున జవాబు చెప్పిందంటే, ముందే ఆలోచించి పెట్టుకుందన్నమాట. నా అంగుళం తీసేయడానికి ఆమెకూ ఒక సాకు దొరికినట్టుంది.

"పావంగుళమే కావాలంటే ఆయన మార్చుకోవచ్చుగా? మీట ఉందిగా?"

"ఉంది."

"మీట ఎక్కడుందో తెలిసినవాడికి డిఫాల్ట్‌తో పనేంటి? తెలియనివాళ్ల గుడ్డ కదా తెగేది!"

కోడలు కంప్యూటరు తెరిచి, శనివారానికి తేలుస్తానని వాళ్లకు రాసింది.

మర్నాడు పెరట్లో తీగ మీద ఒక మగాడి చొక్కా ఆరుతోంది. నీలం చొక్కా. మావాడిది కాదు, వాడి భుజాలు నాకు తెలియవా? ఆ తర్వాతి రోజూ అదే చొక్కా, మళ్లీ తడిగా. మూడో రోజూ అంతే. వేసుకునే మనిషి లేడు, ఉతుకు మాత్రం రోజూ. మావాణ్ణి పట్టుకున్నాను.

"ఎవరిదిరా ఆ చొక్కా?"

"నాకేం తెలుసమ్మా. తను ఉతుక్కుంటోంది."

"పెళ్లాం ఎవరి చొక్కా ఉతుకుతోందో తెలియకుండా నిద్రెలా పడుతుందిరా నీకు?"

"నువ్వు కాపలా ఉన్నావుగా" అంటూ చెప్పులేసుకుని పోయాడు.

శుక్రవారం సాయంత్రం కోడలు ఆ చొక్కా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"కాస్త వదులు చేసిపెట్టండి అత్తయ్యా. చంక దగ్గర పట్టేస్తుంది."

"ఎవరికి పట్టేస్తుంది?" అన్నాను, కళ్లలోకి చూస్తూ.

"ముందు విప్పండి."

విప్పాను. వదులు చేయడానికి లోపల ఏముంది? పావంగుళం గుడ్డ, అదీ ఉతుకులకు పోగులూడి సగమైంది. ఒక చంక దగ్గర కుట్టు జారి గుడ్డే బయటికొచ్చేసింది.

"ఏ దర్జీ వెధవ కుట్టాడే దీన్ని!"

"నేనే. దండాలయ్య చెప్పిన లెక్కతో, పాత దుప్పటి చించి కుట్టాను. గుడ్డ బోలెడు మిగులుతుందన్నాడు కదా. మిగిలింది జానెడు పీలిక."

"అంటే ఇన్నాళ్లూ నా మాట నమ్మలేదన్నమాట."

"ఆయన మాటా నమ్మలేదు" అంది.

శనివారం ఆ చొక్కా ఫొటోలు పెట్టి, డిఫాల్ట్ అంగుళమే ఉంటుందని, పావంగుళం కావలసినవాళ్లు మార్చుకోవచ్చని రాసింది. దండాలయ్య గంటలోనే జవాబిచ్చాడు. తాము వాడేది పోగులూడని గుడ్డ గనుక ఈ సంగతి తోచలేదట, ఒప్పుకుంటున్నాడట. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడో నాకు అంతుపట్టలేదు.

"ఆ అంగుళం మా అత్తగారిదని రాశావా?"

"రాయలేదు. రాస్తే చొక్కా చూడరు, అత్తగారి మాటకు జడిసిందంటారు."

వినడానికి బాగానే ఉంది. కోడలు స్నానానికి వెళ్లాక, ఆమె రాసింది మావాడి చేత ఇంకోసారి చదివించుకున్నాను. అంగుళమనే ఉంది.